వదిన పెరట్లో గడ్డి

మా వదిన చనిపోయిందన్న కబురు వినేటప్పటికి నేను నవ్వుతూ ఉన్నాను. దాచుకోవడం ఎందుకు, ముందే చెప్పేస్తున్నాను. పొద్దున ఎనిమిది గంటలు. తోటకూర మడి గట్టు మీద నిలబడి ఫోను చేశాను. అవతల ఎవరు ఎత్తారో కూడా చూసుకోకుండా, "వదినా, మన పాప గెలిచింది వదినా. మడంతా ఒక్కతే తీసింది. ఒక్క కూరమొక్క పోలేదు, ఒక్క ముళ్ల తోటకూర మిగల్లేదు" అని ఒక్క గుక్కలో చెప్పేశాను. అవతల నుంచి గిద్దలూరులో ఉండే వదిన కూతురి గొంతు వినబడింది.

"చిన్నాయనా, అమ్మ తెల్లారి పోయింది. నీకే చేద్దామని ఫోను చేతిలో పట్టుకున్నా."

దానికి నేను "మంచిదమ్మా" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో ఈ రోజుకీ అర్థం కాదు. బహుశా నోరు ఇంకా సంతోషంలోనే ఉంది, చెవి ఒక్కటే చావు విన్నది. ఆ పిల్ల తప్పు పట్టలేదు. "మధ్యాహ్నానికి ఊరికి తెస్తున్నాం" అని పెట్టేసింది. నేను ఫోను పట్టుకుని గట్టు మీదే నిలబడ్డాను. ముందు శుభ్రమైన మడి. మడి చివర మా పాప, చేతులకు అంటిన బురద గోళ్లతో గీకి తీసుకుంటూ, నేను మళ్లీ ఎప్పుడు మెచ్చుకుంటానా అని నా ముఖం వైపే చూస్తూ.

ఆ రోజు నుంచి నా మనసు ఒక దారిన నడవడం లేదు. చనిపోయినవాళ్లను తలుచుకుని రాసేచోట సంతోషం గురించి రాయవచ్చో లేదో నాకు తెలియదు. ఏడో తరగతితో బడి మానినవాడిని. ఏది ముందు రాయాలో తెలియక రెండూ కలిపే రాస్తున్నాను. చదివేవాళ్లు మన్నించాలి.

వదిన నాకు రక్తసంబంధం కాదు. వయసులో ఉన్నప్పుడు ఆమె భర్తా నేనూ మార్కాపురం పలకల గనిలో ఒకే గుంటలో రాయి తీశాం. ఆయన్ని అన్నా అని పిలిచాను కాబట్టి ఆమె వదిన అయింది. అన్న గని దుమ్ముతో దగ్గి దగ్గి పోయాడు. నేను భయపడి గని మానేశాను. ఉన్న అరెకరంలో బోరు వేయించుకుని ఆకుకూరలు పెట్టాను. తోటకూర, పాలకూర, కొత్తిమీర, మెంతికూర. మా ఇంటామె కట్టలు కట్టి మార్కాపురం తీసుకుపోయి అమ్మేది, ఇప్పటికీ అమ్ముతుంది. వదిన ఆ మడుల్లోకి కలుపు తీయడానికి వచ్చింది. మొదట కూలి జట్టులో ఒక మనిషిగా వచ్చింది. కొన్నాళ్లకు ఆ జట్టుకు ఆమే పెద్ద.

ఆకుకూర మడిలో కలుపు తీయడం మిరపచేలో తీసినట్లు కాదు. మేం విత్తనం చల్లుతాం, సాళ్లు ఉండవు. కూర మొలకా గోరంతే, కలుపు మొలకా గోరంతే. కొత్తిమీర పది పన్నెండు రోజులకు గాని తల ఎత్తదు. కలుపు నాలుగో రోజుకే లేచి నిలబడుతుంది. ముందు లేచింది పైన ఎండ తీసుకుంటుంది, కింద నీళ్లూ ఎరువూ లాగేస్తుంది. నెల తిరగకుండా కోసి అమ్మాల్సిన పంట ఇది. మొదటి పదిహేను రోజులు వెనకబడిందంటే తర్వాత ఎంత సేవ చేసినా సన్నగా, పసుపుపచ్చగా సాగుతుందే తప్ప ఆకు పట్టదు. మందు కొడదామంటే కలుపుతో పాటు కూరా మాడుతుంది. ఇక వేళ్లే దిక్కు.

వదిన దాన్ని ఒక్క మాటలో చెప్పేది. "పెండ్లి మన ఇంట్లో. మన పిల్ల ఇంకా తల దువ్వుకుంటుండగానే పిలవని చుట్టాలు వచ్చి పంక్తిలో కూర్చున్నారు. లేపాల్సింది ముందు వాళ్లనే."

ఆమె కలుపుతో మాట్లాడుతూ తీసేది. మేమంతా నవ్వుకునేవాళ్లం. గంగపాయలను పీకి మడిలోనే పడేస్తే తడికి మళ్లీ వేరు పట్టి బతుకుతుంది, అందుకని దాన్ని ఒడిలో వేసుకుంటూ, "నువ్వు నాతో రామ్మా, పప్పులో వేస్తా" అనేది. తుంగ దగ్గరకు వస్తే మాత్రం ముఖం మారిపోయేది. పైన తెంపితే మూడో రోజుకు మళ్లీ వస్తుంది, కింద గడ్డ తవ్వాలి. "ఇది మా ఆడబిడ్డ. ఎన్నిసార్లు సాగనంపినా సంచి తీసుకొని వచ్చేస్తాది" అంటూ చేతిలోని ఇనుప బొరిగె దింపి గడ్డతో సహా లేపేది. జట్టులో ఎవరైనా పైన తెంపి ఊరుకుంటే, "ఏమే, మొక్కకు క్షవరం చేస్తివా?" అని అడిగేది.

ఒక ఏడు నేను పెద్ద తెలివి ప్రదర్శించాను. గొర్రెలవాళ్లను పిలిచి నా అరెకరంలో మంద కట్టించాను. ఎరువు బాగా పడింది. మంద లేచిన మరునాడే దున్నించి పాలకూర చల్లాను. వారం తిరిగేసరికి నేల పచ్చగా దుప్పటి కప్పినట్లు ఉంది. నా సంబరం ఇంతా అంతా కాదు. వదినను చేయి పట్టుకుని తీసుకొచ్చి చూపించాను. ఆమె వంగి, చూసి, ఇంకోచోట వంగి, నడుం మీద చేయి పెట్టుకుని లేచింది.

"మరిదీ, పాలకూర యాడ చల్లినావు?"

"ఇదంతా అదే కదా వదినా."

"ఇదంతా గొర్రెలు కొండ మీద మేసింది. పాపం, నీకోసం కడుపులో పెట్టుకొని తెచ్చినాయి."

ఆ మడులు పోయాయి. ఆ రోజు ఆమె చెప్పిన పద్ధతే ఇప్పటికీ నాది. "మంద లేచినాక ఒక తడి పెట్టు. పది దినాలు ఊరకుండు, వచ్చేదాన్ని రానీ. దాన్ని గీకి పారేసి అప్పుడు చల్లు. ఆకలి మీద వచ్చినోళ్లకు ముందు తినిపించి పంపితే, మనోళ్లు నిమ్మళంగా తింటారు."

ఇక మా పాప సంగతి. పాప అంటున్నాను గాని ముప్పై దాటింది. మాకు ఒక్కతే బిడ్డ. పుట్టినప్పుడు చాలాసేపు ఏడవలేదు. మాట ఆలస్యంగా వచ్చింది, వచ్చినా పది పదిహేను మాటలే వచ్చాయి. మూడో తరగతిలో పంతులు మమ్మల్ని పిలిచి, ఇంటి దగ్గరే ఉంచుకోండి అన్నాడు. ఒంగోలు దాకా తిప్పాం, గుళ్లూ దర్గాలూ తిప్పాం. ఊళ్లో పిల్లలు వెర్రిదనేవాళ్లు, పెద్దవాళ్లు పాపమనేవాళ్లు. రెండోదే నాకు ఎక్కువ బాధగా ఉండేది. నాకూ మా ఇంటామెకూ ఉన్న దిగులు ఒక్కటే. మేమున్నంత వరకు అన్నం పెడతాం. మా తర్వాత ఈ పిల్లను ఎవరు పిలిచి, నాలుగు మెతుకులు సంపాదించుకునే పని ఇస్తారు?

ఒక రోజు మేమిద్దరం మార్కాపురం పోయి వచ్చేసరికి మా పాప తోటకూర మడిలో కూర్చుని ఉంది. ఎవరూ చెప్పకుండానే కలుపు తీసింది. ఎంతో పొందికగా తీసింది. చిక్కు ఏమిటంటే, తోటకూరనంతా పీకి గట్టు మీద వరుసగా పేర్చింది. ముళ్ల తోటకూరను మడిలో ఉంచింది. నీళ్లు కూడా పోసింది.

నాకు ఒళ్లు మండింది. అరిచాను. పాప చెవులు మూసుకుంది. ఆ అరుపులకు పక్క మడిలో ఉన్న వదిన పరుగున వచ్చింది. వచ్చి నన్ను గాని పాపను గాని చూడలేదు. మడిలో దిగి ఒక్కొక్క మొక్కా పట్టి చూసింది. గట్టు మీద పేర్చినవి కూడా గుప్పిళ్లతో తీసి చూసింది. తర్వాత ఒక విధంగా నవ్వింది.

"మరిదీ, ఇటు రా. ఈ మడిలో నీ కూర ఒక్కటన్నా ఉందేమో చూపించు."

"ఒక్కటీ లేదు, అదే కదా నా ఏడుపు."

"గట్టు మీద ముళ్లది ఒక్కటన్నా ఉందేమో చూపించు."

నేను చూశాను. లేదు. ముళ్ల తోటకూరకు మొలకప్పుడు ముల్లు ఉండదు. ఆకు అదే, ఎత్తు అదే. వేరు దగ్గర కాడ కొంచెం ఎర్రగా ఉంటుందని అంటారు. ఇన్నేళ్లు సాగు చేసినా నాకు పదింటికి నాలుగు తప్పు పోతాయి.

"నా జట్టులో ఇట్ల ఏరేది ఇద్దరు కూడా లేరబ్బా" అంది వదిన. "పిల్లకు రెండూ తెలుసు. ఏది మనదో చెప్పినోళ్లే లేరు."

నిజం చెబుతున్నాను, ఆ మాట నాకు అప్పుడు ఎక్కలేదు. పోయిన మడే కనిపిస్తోంది నాకు.

ఏది మనదో నేర్పించడానికి వదిన ఆ సాయంత్రమే పీకేసిన లేత తోటకూర వండి పాపకు అన్నంలో కలిపి పెట్టింది. "చూడు బిడ్డా, మనం తినేది మనది" అంది. పాప తల ఊపింది. మంచి ఉపాయమనే మేమంతా అనుకున్నాం. వారం తర్వాత పాప ఇంకో మడిలో ముళ్ల తోటకూరను పీకేసింది గాని గంగపాయలను ఉంచింది, గలిజేరును ఉంచింది, చెంచలికూరను ఉంచింది. అడిగితే తింటున్నట్లు నోటి దగ్గర చేయి పెట్టి "మనది" అంది. తప్పేముంది? కలుపులో వచ్చిన కూర తీసినవాళ్లదే అన్నది మా దగ్గర వాడుక. వదిన ఒడి నిండా తీసుకుపోయి వండుకునేది, మా ఇంటికీ గిన్నెతో పంపేది. పాప అవి తిన్నదే. నేను కూడా ఆలోచనలో పడ్డాను. తినే ఆకు కలుపెట్లా అవుతుంది? ఒక మడిలో కూర, ఇంకో మడిలో కలుపు ఎట్లా అవుతుంది?

వదిన కూడా కొంచెంసేపు తికమకపడింది. ఆమె తికమకపడటం చూడటం నాకు అదే మొదలు. "నేనే తప్పు చెప్పినా" అంది చివరికి. "తినేదంతా మనది కాదు. ఈ మడిలోకి మనం పిలిచినోళ్లే మనోళ్లు. మిగతా వాళ్లు మంచోళ్లే, ఈ మడిలో కాదు." నాకు చెప్పింది గాని, పది మాటలు తెలిసిన పిల్లకు దాన్ని ఎట్లా చెప్పాలి?

నేను చేతులెత్తేశాను. పాపను మడుల్లోకి రానివ్వొద్దని ఇంట్లో గట్టిగా చెప్పాను. రెండు మడులు పోయాయి, మూడోది పోతే కట్టలు ఉండవు, సంసారం బండి కదలదు. వదిన నాతో వాదించలేదు. "సరే మరిదీ, పగలు నా ఇంటి దగ్గర ఉంటుందిలే, తోడుగా" అంది. అప్పటి నుంచి పాప ఆమె ఇంటికి పోయేది. జట్టుకు పని లేని రోజుల్లో, పని ఉన్నా ఆమె తిరిగొచ్చిన సాయంత్రాలు అక్కడే. పొద్దుపోక పోతోందని నేను అనుకున్నాను.

ఇక్కడ నేను ఒప్పుకోవాల్సిన విషయం ఒకటుంది. ఊళ్లో మడులన్నీ అద్దంలా చేసే మా వదిన పెరడు ఎప్పుడు చూసినా గడ్డే. తుంగ, గరిక, ముళ్ల తోటకూర, మధ్యలో ఎక్కడో సన్నగా నాలుగు కొత్తిమీర. నేను దారిన పోతూ గోడ మీంచి చూసి ఎగతాళి చేసేవాడిని. "ఏంది వదినా, ఊరందరి తలలూ దువ్వి నీ తలకు జడలు కట్టించుకున్నావు?" ఆమె తలకు చుట్టిన తువ్వాలు సర్దుకుంటూ, "నా పెరడు గడ్డిదే మరిదీ. నీకేమన్నా కావాలంటే కోసుకుపో" అనేది. నేను ఈ ఎగతాళి నలుగురిలో కూడా చేశాను. ఆమె లేనప్పుడు కూడా చేశాను.

ఈ మధ్య ఆమెకు ఆయాసం ఎక్కువైంది. కూతురు వచ్చి గిద్దలూరు తీసుకుపోయింది. పోయేటప్పుడు ఆటోలో కూర్చుని నన్ను పిలిచి, "పాపకు ఒక మడి ఇయ్యి. ఒక్కటే. నువ్వు గట్టు మీద నిలబడొద్దు, ఇంట్లోకి పో" అంది. ఇష్టం లేకుండానే ఇచ్చాను. కాదంటే ఆయాసం ఎక్కువవుతుందేమోనని ఇచ్చాను. ఆ మడి సంగతే నేను ఫోనులో అరిచి చెప్పింది. మడి అంగుళం అంగుళం వెతికాను. నా కళ్ల మీద నమ్మకం లేక మా ఇంటామెను పిలిచి వెతికించాను. గంగపాయల, చెంచలికూర విడిగా తీసి ఒక కుప్ప. ముళ్ల తోటకూర ఒక కుప్ప. తుంగ గడ్డలు ఒక కుప్ప. మడిలో మా తోటకూర ఒక్కటే, తలలు ఎత్తుకుని. నేను గంతులేశానంటే నమ్మండి. ఈ వయసులో, గట్టు మీద, పంచె ఊడుతున్నా చూసుకోకుండా.

మధ్యాహ్నం వదినను తెచ్చారు. ఊరంతా వచ్చింది. పాప ఏడవలేదు. ఎవరో "దానికేం తెలుసు పాపం" అన్నారు. పాప నా చొక్కా పట్టుకుని లాగింది.

"పెద్దమ్మ ఎవురి మడికి పోయింది?"

నేను దాని నోట విన్న మాటల్లో అదే పొడుగు మాట. దాని తల నిమిరాను. నా బిడ్డ ఇంత మాట మాట్లాడిందన్న ఆనందం ఒకవైపు, ఆ మాట ఏమిటన్నది ఒకవైపు. పాడె ముందు నిలబడి నేను ఏ ముఖం పెట్టుకున్నానో చూసినవాళ్లు చెప్పాలి.

పెద్దకర్మ రోజు వదిన కూతురు పెరట్లో గిన్నెలు తోముతోంది. చుట్టూ గడ్డి చూసి, నోరు ఊరుకోక, "మీ అమ్మకు సొంత పెరడు చూసుకునే తీరిక లేకపోయె" అన్నాను. ఆ పిల్ల గిన్నె కింద పెట్టింది.

"తీరిక లేక కాదు చిన్నాయనా. పెంచింది. నీకు చెప్పలేదా?"

"ఏం పెంచింది?"

"కలుపు. నీ మడిలో పాపను కూర్చోనియ్యవని ఇక్కడ చల్లింది. కొత్తిమీర చల్లి, పైన ఈ గడ్డి గింజలు ఏరుకొచ్చి అవీ చల్లేది. పాప చెడగొడితే మళ్లీ చల్లేది. నేను ఒకసారి తిట్టినా, ఊరంతా నవ్వుతున్నారు, తీసేయమ్మా అని. వాళ్ల మడి చెడితే అరుస్తారు, నా మడి చెడితే ఎవరు అరుస్తారు, పిల్ల నిమ్మళంగా నేర్చుకోనీ అనింది."

తుంగ గడ్డలు కూడా చేతులతో తెచ్చి నాటుకుందట, తుంగను ఆడబిడ్డ అని తిట్టే మనిషి. పిలిచినవాళ్లు ఎవరో, పిలవనివాళ్లు ఎవరో మాటలతో చెప్పలేక, ప్రతిసారీ కొత్తిమీర విత్తనం పాప చేతనే చల్లించేదట. నువ్వు చల్లింది నీది, నువ్వు చల్లనిది కాదు. అంతే పాఠం. ఇదంతా నేను గోడ మీంచి చూస్తూనే ఉన్నాను. చూసి నవ్వాను.

క్షమించమని అడుగుదామంటే మనిషి లేదు. చేతులు జోడిద్దామంటే, "ఏంది మరిదీ, నాటకాల్లో చేరినావా?" అనేదే. ఆ గడ్డి మధ్యలో నిలబడ్డాను. నా జీవితంలో నాకు ఎవరూ ఇవ్వనంత పెద్ద మేలు నా కళ్ల ముందే మోకాలెత్తు పెరుగుతుంటే, దానికి జడలని పేరు పెట్టాను. అది తలుచుకుంటే తల వంగిపోతుంది. పాప మడి తలుచుకుంటే తల దానంతటదే లేస్తుంది. రోజుకు ఎన్నిసార్లు ఇట్లా వంగుతుందో, లేస్తుందో.

మొన్న సోమవారం పొద్దున్నే మా ఇంటి ముందు ఆటో ఆగింది. వదిన జట్టు ఆడవాళ్లు ఐదుగురు. వాళ్లలో ఒకామె దిగి, "మామా, మాకు ఒక మనిషి తక్కువ. పాపను పంపు" అంది.

"యాడికి?"

"తర్లుపాడు దిక్కు. పాలకూర మడులు. వారం పని."

"దానికి మాట రాదు కదమ్మా" అన్నాను.

"మాట మాకు ఎక్కువే ఉంది, మేం ఇస్తాంలే. పెద్దామె గిద్దలూరు పోయేముందు చెప్పే పోయింది. నేను రాకుంటే నా చోట్లో పాపను కూర్చోబెట్టండి అని."

ముప్పై ఏళ్లుగా నేను ఎదురుచూసిన పిలుపు అది. అది గుమ్మం ముందుకు వచ్చి నిలబడితే నేను, చెప్పడానికి సిగ్గుగా ఉంది, "ఈ రోజు వద్దు, రేపు చూద్దాం" అన్నాను. ఎండ ఎక్కువ, దాహం వేస్తే అడగలేదు, ఎవరైనా ఏమన్నా అంటారు, ఏవేవో చెబుతూ పోయాను. లోపలి నుంచి మా ఇంటామె అన్నం గిన్నె కట్టుకుని బయటకు వచ్చింది.

"ఇన్నేండ్లు ఏ దేవుని దగ్గర ఏం మొక్కినావో మర్చిపోయినావా? పక్కకు జరుగు."

జరిగాను. పాప అప్పటికే తయారై ఉంది. చీర మీద పాత చొక్కా వేసుకుంది, తలకు తువ్వాలు చుట్టుకుంది. నన్ను దాటుకుని పోయి, వాళ్లు జరిగి చోటిస్తే ఎక్కి కూర్చుంది. నా వైపు చూడలేదు. చూడకపోవడం మంచిదో కాదో నాకు తెలియదు. ఆటోలో ఎవరో ఏదో అన్నారు, అందరూ నవ్వారు.

ఆటో కదిలింది. నేను రోడ్డు మీదకు వచ్చి నిలబడ్డాను. వెనక నుంచి చూస్తే అందరివీ రంగు వెలిసిన మగవాళ్ల చొక్కాలే, అందరి తలలకూ తువ్వాళ్లే. గని పలక ముక్కలు పారబోసిన గుట్ట దగ్గర మలుపు తిరిగే దాకా కళ్లు చిట్లించి చూస్తూనే ఉన్నాను. ఆ ఆరుగురిలో మా పాప ఎవరో నాకు తెలియలేదు.